అమ్మమ్మ పెట్టెలో విక్టోరియా రూపాయి: ధర ఎవరు చెప్పాలి, చట్టం ఏమంటుంది?

హైదరాబాదు ప్రగతి నగర్‌లో ఇల్లు మారేటప్పుడో, పాత సామాను సర్దేటప్పుడో ట్రంకు పెట్టె అడుగున ఒక గుడ్డమూట బయటపడటం మామూలే. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డవారి మూటలో విక్టోరియా, ఐదో జార్జి వెండి రూపాయలుంటాయి. పాత హైదరాబాదు కుటుంబమైతే చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం హాలీ సిక్కాలు కూడా ఉంటాయి. మూట విప్పిన కాసేపటికే ఎవరో ఒకరు ఫోన్ తీసి ‘ప్రైస్ గైడ్’ వెతుకుతారు. అసలు ప్రశ్నలు అక్కణ్నుంచే మొదలవుతాయి.

గైడ్‌లో చూపిన ధరలో పదోవంతు కూడా ఇవ్వనంటున్నాడు షాపాయన. ఆ ధర అడిగే హక్కు నాకు లేదా?

లేదు. ప్రైస్ గైడ్ ఎమ్మార్పీ కాదు. అందులో వేసిన అంకెకు ఏ చట్టం బలమూ లేదు, ఆ ధర ఇచ్చి తీరాలని ఎవరినీ కట్టడి చేయలేం. చాలా గైడ్‌లలో ఉండేది లండన్‌లోనో అమెరికాలోనో డీలరు తన కస్టమరుకు అమ్మే ధర. అదే డీలరు మీ దగ్గర కొనాలంటే తన లాభం, దుకాణం ఖర్చు, సరుకు అమ్ముడుపోయేదాకా ఆగాల్సిన కాలం అన్నీ తీసేసుకునే చెబుతాడు.

ఆన్‌లైన్ దుకాణాల్లో అమ్మేవాళ్లు పెట్టుకున్న ధరలు ఇంకా దారుణం. ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చు, ఎవరూ అడగరు. చూడాల్సింది అమ్ముడైన ధర. ముంబైలో టోడీవాలా, బెంగళూరులో మరుధర్, అహ్మదాబాద్‌లో క్లాసికల్ న్యూమిస్మాటిక్ గ్యాలరీ లాంటి వేలం సంస్థల ముగిసిన వేలాల ఫలితాలు మన నాణేలకు విదేశీ గైడ్‌ల కన్నా నమ్మకమైన ఆధారం. అక్కడా హామర్ ధర, అంటే వేలంలో చివరికి పలికిన ధర, మొత్తం అమ్మినవారి చేతికి రాదు, కమిషన్ పోతుంది.

అయితే గైడ్ ఎందుకు పనికొస్తుంది?

నాణేన్ని గుర్తుపట్టడానికి. ఆ పనికి దాన్ని మించింది లేదు. న్యూమిస్టా లాంటి నాణేల వెబ్‌సైటులో రాజు, సంవత్సరం, టంకశాల గుర్తు పెట్టి వెతికితే బరువు, లోహం, ఎన్ని రకాలున్నాయో ఫొటోలతో సహా దొరుకుతాయి.

1835 నుంచి వచ్చిన వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా తులం. వెండి 91.7 శాతం, కాబట్టి అసలు వెండి దాదాపు 10.7 గ్రాములు. 1940 నుంచి బరువు అదే గానీ వెండి సగానికి పడిపోయింది. పులిబొమ్మ ఉన్న 1947 రూపాయి నికెల్‌ది, వెండి లేనే లేదు. వంటింటి డిజిటల్ కాటా, ఆ రోజు వెండి రేటు చేతిలో ఉంటే కనీస ధర మీరే కట్టుకోవచ్చు. షాపాయన అంతకన్నా తక్కువంటే లేచి వచ్చేయండి.

సంవత్సరం చూసి మోసపోయేది ఎక్కువగా 1862 దగ్గర. ఆ ఏడాది మొదలుపెట్టి 1874 దాకా కొట్టిన రూపాయలన్నిటి మీదా 1862 అనే వేశారు. ఏది ఏ రకమో చుక్కలు లెక్కపెట్టి తేలుస్తారు. గైడ్‌లో ఒకే తేదీ కింద అన్ని వరసలు ఉండటానికి కారణం అదే, అందులో అన్నిటికన్నా ఖరీదైన వరస మనదే అనుకోవడం సహజం. ఇక 1911 రూపాయి సంగతి. రాజు దుస్తుల మీది గొలుసులో ఉన్న ఏనుగు పందిలా కనబడుతోందని గొడవై, దాన్ని వెనక్కి తీసుకుని 1912లో ఏనుగును మార్చి వేశారు. కథ పెద్దది. అయినా అరిగిన 1911 రూపాయికి మీరు ఊహించినంత రాదు. నిజంగా అరుదైనది 1939 రూపాయి. నిపుణుడు చూడకుండా దాన్ని కొనొద్దు.

గైడ్‌లో ఒకే నాణేనికి నాలుగైదు ధరలున్నాయి. మాది ఏది?

వాటిలో బహుశా ఎడమవైపు ధర. వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, అన్‌సర్క్యులేటెడ్ అంటూ కుడివైపు వెళ్లేకొద్దీ ధర ఎగబాకుతుంది. రాణి జుట్టు పాయలు, రవిక మీది పూలపని, జార్జి కిరీటం గీతలు భూతద్దం కింద విడివిడిగా కనబడాలి. మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. వరలక్ష్మీ వ్రతానికి, ధనత్రయోదశికి నాణేలను చింతపండు పెట్టి తోమి, పసుపు కుంకుమ అద్ది, మళ్లీ తోమి దాచాం. తళతళలాడే ఆ మెరుపు సేకర్తకు కనబడితే ధర సగానికి దిగుతుంది. సన్నని గీతలన్నీ ఒకే వైపు పోతుంటే తోమిన నాణెమని వెంటనే చెప్పేస్తాడు. నల్లబడ్డ నాణేన్ని నల్లగానే ఉంచండి. కాసులపేరులో గుచ్చడానికి కొక్కెం అతికిన సవరన్లదీ ఇదే కథ. బొంబాయిలో కొట్టిన 1918 నాటి ‘ఐ’ గుర్తు సవరన్ అయినా సరే, టాకా పడితే దాదాపు బంగారం ధరే.

1818 నాటి ఈస్టిండియా కంపెనీ ‘వన్ అణా’ ఉంది, ఆంజనేయుడి బొమ్మతో. కోట్లంటున్నారు?

కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ వేయలేదు. ఒక అణా నాణెం మన చేతికొచ్చింది 1906 తర్వాత, అదీ అలల అంచున్న నికెల్ కలిపిన బిళ్లగా. రాముడు, హనుమంతుడు ఉన్నవి గుళ్ల దగ్గర అమ్మిన బిళ్లలు. వీటికే బియ్యం గింజలను లాగే శక్తి ఉందని, ఇరిడియం ఉందని ‘రైస్ పుల్లర్’ పేరుతో తెలుగు జిల్లాల్లో ఏళ్ల తరబడి మోసాలు నడుస్తున్నాయి. పరీక్ష ఖర్చని, ల్యాబ్ ఫీజని ముందు మీ దగ్గరే వసూలు చేస్తారు.

వందేళ్లు దాటిన నాణెం ఇంట్లో ఉంచుకోవచ్చా? అమ్మవచ్చా?

ఉంచుకోవచ్చు. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువే. అయినా వారసత్వంగా వచ్చినదాన్ని దాచుకోవడం నేరం కాదు. దేశంలో వీటి అమ్మకాన్ని వ్యాపారంగా చేసేవారికి లైసెన్సు ఉండాలి, కాబట్టి మీ నాణేలు కొనే డీలరును ఆ మాట అడగడం మీ హక్కు.

అసలు ప్రమాదం విదేశాలకు పంపడంలో. పురావస్తువును ప్రైవేటు వ్యక్తి ఎగుమతి చేయడం నిషిద్ధం. లండన్‌లో ఎక్కువిస్తామన్నారని పార్సిల్ చేసినా, డాలస్‌లో ఉన్న కూతురికి గుర్తుగా ఇద్దామని సూట్‌కేసులో పెట్టినా ఒకటే. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, పైగా జరిమానా. విదేశీ గైడ్‌లోని ధర మనకు అందని ద్రాక్ష కావడానికి పెద్ద కారణం ఇదే. ఆ కొనుగోలుదారు దాకా మన నాణెం చట్టబద్ధంగా చేరదు. వందేళ్లు నిండని నాణెమైతే భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నుంచి పురావస్తువు కాదనే ధ్రువపత్రం తీసుకుని వెళ్లడం మంచిది.

ఊళ్లో పాత ఇల్లు పడగొడుతుంటే గోడలో నాణేల కుండ దొరికింది. అది మాదేగా?

వెంటనే మాది అనకండి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టంలో నేలలోనే కాదు, నేలకు అంటుకుని ఉన్న గోడలో దాచినదీ నిధే. విలువ 10 రూపాయలు మించితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. యజమాని తేలకపోతే దొరికించుకున్నవారికి మూడొంతులు, స్థలం యజమానికి ఒక వంతు అన్నది చట్టంలోని మామూలు పంపకం. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువకు ఐదోవంతు కలిపి చెల్లించాలి. దాస్తే మాత్రం వాటా పోతుంది, ఏడాది దాకా జైలు పడవచ్చు. ఆ 10 రూపాయల హద్దు 1878 నాటిదని నవ్వుకోవచ్చు, చట్టంలో మాత్రం అదే ఉంది.

యూకేలో ప్రాజెక్టు ముగించుకుని వచ్చాం. డబ్బా నిండా పెన్నీలు, 50 పెన్సులున్నాయి. ఉంచుకోవచ్చా?

ఎన్నైనా ఉంచుకోవచ్చు. విదేశీ మారక నిబంధనల్లో నాణేలకు పరిమితి లేదు. నోట్లకే 2,000 డాలర్ల హద్దు. మన బ్యాంకులు, మనీ ఛేంజర్లు నాణేలు మార్చడం అరుదు. 2009 నాటి క్యూ గార్డెన్స్ 50 పెన్సు ఉందేమో చూడండి, వేసినవి 2,10,000 మాత్రమే. పాత గుండ్రటి పౌండు 2017 అక్టోబరు 15తో చెల్లుబాటు కోల్పోయింది. ఈసారి వెళ్లినప్పుడు అక్కడి బ్యాంకు ఖాతాలో వేసుకోవడమే దారి.

‘మీ నాణెం 5 లక్షలకు కొంటాం, ముందు జీఎస్టీ కట్టండి’ అని ఫోన్ వచ్చింది.

పెట్టేయండి. ఆర్‌బీఐ పేరు, లోగో వాడి ఇలా వసూలు చేస్తున్నారని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. పాత నాణేల కొనుగోళ్లతో తనకు సంబంధం లేదని, ఏ ఫీజూ అడగనని చెప్పింది. అమ్మేవాడు ఎదురు డబ్బు కట్టే బేరం ఏ సంతలోనూ ఉండదు. ఇప్పటికే పంపేసి ఉంటే గంటలు గడవనీయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. లావాదేవీ నంబరు, స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకుని సైబరాబాద్ పోలీసులకూ ఫిర్యాదు ఇవ్వండి.

అమ్మితే పన్ను పడుతుందా? పూజలో పెట్టుకునేవే కదా?

పూజలో పెట్టినంత మాత్రాన మినహాయింపు రాదు. సవరన్లు, వెండి నాణేలు, వెండి కడ్డీలు లక్ష్మీపూజలో వాడుతున్నామన్న వాదనను 1976లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, అవి వ్యక్తిగత వాడకపు వస్తువులు కావంది. లాభం మీద మూలధన లాభాల పన్ను ఉంటుంది. 24 నెలలు దాటినవాటికి 2024 జులై 23 నుంచి 12.5 శాతం. తాతల నాటివైతే 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా చూపుకోవచ్చు. అందుకు ఇవాళ్టి గైడ్ స్క్రీన్‌షాట్ పనికిరాదు, రిజిస్టర్డ్ వాల్యూయరు నివేదిక తీసుకోండి.

ఆన్‌లైన్‌లో ‘అసలు వెండి’ అని కొన్నది పోత నకిలీ అని తేలింది.

ఇక్కడ మీకు హక్కుంది. వర్ణన చూపి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలని 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం అంటుంది. అమ్మింది వ్యాపారి అయితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, లేదా రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు. 5 లక్షల దాకా ఫీజు లేదు. అమ్మకపు పేజీని ముందే ఫొటో తీసి ఉంచండి, గొడవ మొదలయ్యాక అది మాయమవుతుంది.

అమ్మమ్మ నాణేలన్నీ మేనమామ దగ్గరున్నాయి. మా అమ్మకు వాటా ఉందా?

వీలునామా రాయకుండా పోయి ఉంటే హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకులతో సమానంగా కూతుళ్లకూ, భర్త బతికుంటే ఆయనకూ వాటా ఉంది. పంపకంలో గైడ్ బాగానే అక్కరకొస్తుంది. అందరూ ఒకే గైడ్, ఒకే రోజు, ఒకే గ్రేడ్ వరస చూడాలి, అంతే. మామయ్య తన వాటా రూపాయలకు ఎడమ వరస, మీ అమ్మ వాటా వాటికి కుడి వరస చూపిస్తే ఒప్పుకోకండి.