ఈసా (అలైహిస్సలాం) దైవత్వం: క్రైస్తవ సోదరుల ఆధారాలేమిటి?

గ్రంథప్రజలతో వాదించవలసి వస్తే ఉత్తమ రీతిలోనే వాదించాలని దివ్య ఖుర్‌ఆన్ ఆదేశిస్తోంది (29:46). ఎదుటివారి మాటేమిటో తెలియకుండా ఈ ఆదేశాన్ని పాటించడం సాధ్యమా?

మేడ్చల్ దగ్గరి రావల్కోల్‌లో ఒక యువకుడు మమ్మల్ని కలిశాడు. తనతో పనిచేసే క్రైస్తవ మిత్రునితో, "ఏసు దేవుడని మీ బైబిల్లో ఎక్కడా లేదు, 325లో నైసియా సభలో కల్పించారు" అన్నాడట. ఆ మిత్రుడు బైబిల్ తెరిచి వాక్యాలు చూపించాడు. "మౌల్వీ సాబ్, ఇప్పుడేం చెప్పాలి?" అని అడిగాడు. ముందు మన మాట తప్పని ఒప్పుకోవాలి అన్నాము.

వారి ముఖ్య ఆధారాలు ఇవి:

1. 'వాక్యం' ఆదిలోనే ఉందనీ, అది దైవమేననీ యోహాను సువార్త ఆరంభం (1:1) చెబుతుంది. ఆ వాక్యమే ఏసుగా వచ్చిందని వారి విశ్వాసం.

2. శిష్యుడైన తోమా ఆయనను ప్రభువుగా, దేవునిగా సంబోధించాడు (యోహాను 20:28).

3. ఆయన దైవస్వరూపం కలిగి ఉండి తనను తగ్గించుకున్నాడని పౌలు రాశాడు (ఫిలిప్పీయులకు 2:6-7).

నైసియా సభలో చర్చ జరిగింది కుమారుడు సృష్టించబడినవాడా, కాదా అన్నదానిపై. ఆయనను ఆరాధించడం అంతకు ముందు నుంచే ఉంది. సుమారు 112లోనే రోమా అధికారి ప్లినీ, క్రైస్తవులు క్రీస్తును దేవునిలా కీర్తిస్తున్నారని చక్రవర్తికి రాశాడు.

అయితే అదే బైబిల్లో మరో వైపూ ఉంది. ప్రధానమైన ఆజ్ఞ ఏదని అడిగితే ఏసు దేవుని ఏకత్వంతోనే జవాబు మొదలుపెట్టారు (మార్కు 12:29). అంతిమ ఘడియ తండ్రికి తప్ప కుమారునికీ తెలియదన్నారు (మార్కు 13:32). తోమా మాట ఉన్న అధ్యాయంలోనే, పదకొండు వచనాల ముందు, తనకూ ఒక దేవుడున్నాడని చెప్పారు (యోహాను 20:17).

దీనికి క్రైస్తవ పండితులు, ఆయనలో దైవ స్వభావం, మానవ స్వభావం రెండూ ఉన్నాయని జవాబిస్తారు. 451లో కాల్సిడన్ సభ దీన్నే సిద్ధాంతంగా ప్రకటించింది. మన విభేదం ఇక్కడే. అన్నపానీయాలు అవసరమైనవాడు (5:75), ఆదం వలె అల్లాహ్ ఆజ్ఞతో పుట్టినవాడు (3:59) దాసుడూ ప్రవక్తే అవుతాడు గాని ఆరాధ్యుడు కాజాలడని ఖుర్‌ఆన్ బోధిస్తోంది.

సోదరులారా! ఒక జాతిపై గల ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పనివ్వరాదన్నది అల్లాహ్ ఆజ్ఞ (5:8). తౌహీద్‌కు అబద్ధపు ఆసరా అక్కరలేదు. ఆ యువకునితో మేము అన్నది ఇదే: "ముందు వెళ్ళి నీ పొరపాటు చెప్పు. తర్వాత 20వ అధ్యాయం ఇద్దరూ కలిసి చదవండి."

సత్యాన్ని సత్యంతోనే చాటే భాగ్యం అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.