సబ్బు అమ్మేవారికీ ఒక బాధ్యత ఉంది



ఏర్గట్ల వంటి ఊళ్ళో బడికి సెలవులుంటాయి, పెద్దాసుపత్రి దూరం. కిరాణా దుకాణం మాత్రం రోజూ తెరిచే ఉంటుంది. మరి బీదపిల్లల ఆరోగ్యంలో దుకాణదారునికి భాగం ఉన్నదా? ఈ వారం ఆలోచిద్దాం.

మొదట అవసరాన్ని గమనించండి. మన నిజామాబాదు జిల్లా పల్లెల్లో ఎందరో తల్లులు ఇంట్లోనే బీడీలు చుడతారు. తంబాకు దుమ్ము చేతికి ఉండగానే బిడ్డ ఆకలని ఏడుస్తాడు. అప్పుడు చేతులు నీళ్ళతో తడిపితే చాలదు. క్రిములు చేతి జిడ్డును పట్టుకొని ఉంటాయి. సబ్బు ఆ జిడ్డును విడదీస్తే నీళ్ళు దానిని కడిగివేస్తాయి. సబ్బుతో చేతులు కడుక్కునే అలవాటు పిల్లల్లో నీళ్ళ విరేచనాలను దాదాపు మూడో వంతు తగ్గిస్తుందని పరిశోధనలు తేల్చాయి.

రెండవది, మన తెలుగునేల మీద జరిగిన ఉదాహరణ. 2001 ప్రాంతంలో హిందుస్థాన్ లీవర్ కంపెనీ నల్గొండ జిల్లాలో 'శక్తి' పథకం మొదలుపెట్టింది. పొదుపు సంఘాల మహిళలు సబ్బులు, షాంపూల వంటి సరుకు కొని తమ ఊళ్ళలో అమ్మారు. వారిని 'శక్తి అమ్మ' అన్నారు. తరువాత 'శక్తి వాణి' పేరుతో శిక్షణ పొందిన స్త్రీలు ఊళ్ళలో శుభ్రత గురించి బోధించారు. స్త్రీలకు ఆదాయం వచ్చింది, కంపెనీకి గిరాకీ పెరిగింది.

లాభం చూసుకొని చేసినది సేవ అవుతుందా అని మీరు అడగవచ్చు. ఒక పనికి రెండు ఉద్దేశాలు ఉండవచ్చు. ఫీజు తీసుకున్నంత మాత్రాన డాక్టరు చేసిన వైద్యం చెడిపోదు. అయితే ఆ రెండు ఉద్దేశాలూ ఎదురుపడిన రోజున ఏది నెగ్గుతుందో చూడాలి. సబ్బు కొనలేని పిల్లవాడి దగ్గర వ్యాపారానికి ఆ పరీక్ష వస్తుంది.

మూడవది, చట్టం. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత పరిమాణం దాటిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సమాజ సేవకు ఖర్చు చేయాలి. పారిశుద్ధ్యం, ఆరోగ్యం ఆ జాబితాలో ఉన్నాయి. మన వీధి కొట్టుకు ఆ చట్టం వర్తించదు. ఆ యజమానికి మనస్సాక్షే చట్టం.

దుకాణం నడిపే సోదరులారా, నెలనెలా కొన్ని సబ్బులు బడికి, అంగన్‌వాడీకి పంపండి. 2008 నుండి అక్టోబరు 15న ప్రపంచ చేతుల శుభ్రతా దినం జరుపుతున్నారు. ఆ ఒక్కరోజు పంచి ఫోటో దిగితే అలవాటు నిలవదు. సబ్బు అరిగిన మరునాడే అదీ పోతుంది. బీదపిల్లలను పేరు పెట్టి పిలిచి వరుసలో నిలబెట్టకండి. కుళాయి దగ్గర అందరికీ ఒకే సబ్బు పెట్టండి, ఎవరి మనసూ నొచ్చుకోదు. ఎదిగిన ఆడపిల్ల ప్యాడ్లు అడిగితే వెకిలిగా చూడకుండా ఇవ్వడం కూడా సేవే.

తల్లిదండ్రులారా, ఈ ఆదివారం భోజనాల దగ్గర పిల్లలను ఒక ప్రశ్న అడగండి: "మీ బడి కుళాయి దగ్గర సబ్బు ఉందా?" లేదంటే, సోమవారం మీరే ఒకటి కొని పంపండి.