కనీస వేతనము మారిన దినమున యజమాని చేయవలసిన పని

గ్రామ పంచాయతీ సభ్యులకు కనీస వేతనమను మాట క్రొత్తది కాదు. కాని ఆ వేతనము ఒకమారు నిర్ణయమై నిలిచిపోవునది కాదనియు, ఏటికి రెండుమారులు మారుచుండుననియు, మారిన తేదీ నుండియే హెచ్చు కూలి ఈయవలసిన బాధ్యత యజమానిపై పడుననియు అందరకును తెలియదు. బియ్యపు మిల్లు, ఇటుక బట్టీ, కంకర క్రషరు నడుపువారే గాక, వీధులూడ్పించి మురుగు కాలువలు తీయించు పంచాయతీ కూడ యజమానియే. కావున ఈ పాఠమున మనము మొదట లెక్కను నేర్చి, మన మస్టరును సరిచూచుకొని, పిదప ఊరివారికి చెప్పుదము.

వేతనము ఏల మారును?

ధరలు పెరిగినపుడు కూలి అంకె మారకున్నను, ఆ కూలితో ఇంటికి వచ్చు బియ్యము, పప్పు, నూనె తగ్గును. అనగా అంకె అట్లే యుండగనే కూలి తగ్గినదన్నమాట. ఈ నష్టము పనివానికి తగులకుండుటకే వేతనమును సవరించు పద్ధతి ఏర్పడినది.

మన దేశమున కనీస వేతనముల చట్టము 1948 లో వచ్చినది. కనీస వేతనమునకు ఏమేమి లెక్కింపవలెనో 1957 లో జరిగిన భారత కార్మిక మహాసభ తేల్చినది. పనివాని కుటుంబమును మూడు భోజన ప్రమాణములుగా నెంచి, ఒక్కొక్క ప్రమాణమునకు 2,700 కాలరీల ఆహారము, కుటుంబమునకు ఏడాదికి 72 గజముల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపము మొదలగు ఖర్చులు అందు చేర్చిరి. పిల్లల చదువు, వైద్యము వంటివానికై మరి నూటికి 25 వంతులు చేర్చవలెనని సుప్రీం కోర్టు 1991 లో చెప్పినది. 1948 నాటి చట్టము స్థానమున 2019 నాటి వేతనముల కోడు 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. పూర్వపు చట్టము క్రింద వెలువడిన ఉత్తరువులు, కోడునకు విరుద్ధములు కానంతవరకు, చెల్లుచుండును.

లెక్క చూచు విధము

కనీస వేతనమునందు రెండు భాగములున్నవి. మొదటిది మూల వేతనము. దీనిని ప్రభుత్వము ఐదేండ్లకు మించని గడువులో పునఃపరిశీలింపవలెను. రెండవది జీవన వ్యయ సూచికను బట్టి మారు కరువు భత్యము. ఇది ఏప్రిల్ 1, అక్టోబరు 1 తేదీల నుండి సవరింపబడును. గడచిన జులై నుండి డిసెంబరు వరకు గల సూచిక సగటు ఏప్రిల్ సవరణకును, జనవరి నుండి జూన్ వరకు గల సగటు అక్టోబరు సవరణకును ఆధారము.

ఒక ఉదాహరణమును చూతము. ఇందలి అంకెలు లెక్క తెలియుటకై మేము కల్పించినవి. అసలు రేట్లు కార్మిక శాఖ ప్రకటనలోనివే గ్రహింపవలెను. ఒక పనికి మూల వేతనము నెలకు 8,100 రూపాయలనుకొందము. మూల సూచికకు పైన పెరిగిన ప్రతి పాయింటుకు 10 రూపాయల భత్యము. సూచిక 360 పాయింట్లు పెరిగియున్నచో భత్యము 3,600, మొత్తము 11,700 రూపాయలు. దీనిని 26 చేత భాగింపగా దినకూలి 450 రూపాయలు. అక్టోబరు నాటికి సూచిక మరి 26 పాయింట్లు పెరిగినది. భత్యము 260 రూపాయలు హెచ్చి, మొత్తము 11,960, దినకూలి 460 రూపాయలైనది.

దినమునకు పది రూపాయలే గదా యని యజమాని ఊరకున్నచో, ఆరు నెలలకు ఒక్కొక్క పనివానికి 1,560 రూపాయలు బాకీ పడును. పదిమందికి 15,600 రూపాయలు. ఇది యజమాని దయతో ఇచ్చు బహుమానము కాదు, ఋణము.

ఏడాదికి రెండుమారులు చేయవలసినవి

మార్చి, సెప్టెంబరు నెలలు ముగియుచుండగనే కార్మిక శాఖ ప్రకటన కొరకు విచారింపవలెను. మన పని ఏ వర్గమున చేరునో, పనివారు నైపుణ్యము గలవారో, కొంత నైపుణ్యము గలవారో, నైపుణ్యము లేనివారో సరిచూడవలెను. ఉత్తరువు ఆలస్యముగా చేతికి వచ్చినను, అందు చెప్పిన తేదీ నుండియే తేడాను లెక్కగట్టి చెల్లింపవలెను.

క్రొత్త రేటును పనిచోట అందరికి కనబడునట్లు తెలుగున వ్రాసి అంటింపవలెను. హాజరు, వేతనముల రిజిస్టరులలో మార్పు చేసి, ప్రతి పనివానికి వేతన చీటీ ఈయవలెను. నెల జీతమును మరుసటి నెల ఏడవ దినము దాటకుండ, దినకూలిని ఆనాటి పని ముగియగనే బట్వాడా చేయవలెను. రిజిస్టరు వ్రాయుట శ్రమయని తలపరాదు. కూలి అందలేదని పనివాడు ఫిర్యాదు చేసినపుడు, ఇచ్చితినని ఋజువు చేయవలసిన భారము యజమానిదే.

పంచాయతీ తన పనులందు

చిక్కు తరచుగా ఇచ్చటనే వచ్చును. పారిశుధ్యపు పనిని ఏప్రిల్‌లో ఏడాది కాలమునకు కంట్రాక్టరునకు ఇచ్చితిమనుకొందము. అక్టోబరులో వేతనము మారినది. కంట్రాక్టరు టెండరు రేటును చూపును. కార్యదర్శి బడ్జెటును చూపును. ఊడ్చువారు పాత కూలితోనే ఇంటికి పోవుదురు. కాని కంట్రాక్టరు ఈయని కూలికి పని చేయించుకొన్న సంస్థ బాధ్యత వహింపవలెనని కోడు చెప్పుచున్నది. కనుక వేతనము మారినపుడు ఆ మేరకు రేటు సవరింపబడునను షరతును టెండరులోనే వ్రాయవలెను. బడ్జెటునందు అక్టోబరు హెచ్చుదలకు కొంత సొమ్ము ముందే కేటాయింపవలెను. కంట్రాక్టరు బిల్లు చెల్లించునపుడు అతని బట్వాడా పట్టీని సరిచూడవలెను.

వినవచ్చు ఆక్షేపణలు

“మా ఊరిలో ఈ కూలికే వచ్చుచున్నారు, వారికి లేని బాధ మీకేల?” అని కొందరు అడుగుదురు. తక్కువ కూలికి పనివాడు ఒప్పుకొన్నను, వ్రాసియిచ్చినను ఆ ఒప్పందము చెల్లదు. “వ్యాపారము నష్టములో నున్నది” అని మరికొందరందురు. కనీస వేతనము విషయమున యజమాని శక్తి ప్రశ్న కాదని సుప్రీం కోర్టు 1961 లోనే తీర్పు చెప్పినది. కనీస వేతనము కంటె తక్కువ యిచ్చి పని చేయించుకొనుట రాజ్యాంగపు 23వ అధికరణము నిషేధించిన వెట్టియే యగునని 1982 లో అదే కోర్టు చెప్పినది. “ఆడవారికి కొంత తక్కువ యిచ్చుట ఆచారము” అనుమాట కూడ నిలువదు. ఒకే పనికి స్త్రీ పురుషులకు ఒకే కూలి.

తక్కువ చెల్లించిన యజమానికి 50,000 రూపాయల వరకు జరిమానా కలదు. ఐదేండ్ల లోపల మరల అదే తప్పు జరిగి నేరము ఋజువైనచో మూడు నెలల వరకు ఖైదు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. పనివాడు మూడేండ్ల లోపల తన బాకీకై అర్జీ పెట్టుకొనవచ్చును. బాకీతోబాటు దానికి పదిరెట్ల వరకు పరిహారము ఇప్పించు అధికారము విచారణాధికారికి కలదు.

సభ్యులారా! మేము చెప్పదలచినది ఒక్కటే. మిల్లు యజమానిని పిలిచి న్యాయము చెప్పుటకు ముందు, పంచాయతీ కార్యాలయపు మస్టరులో ఊడ్చువారి కూలి ఏ తేదీ నాటి రేటుతో ఉన్నదో చూడుడు. అది సరిగానున్నపుడే మన మాటకు ఊరిలో విలువ యుండును.

సమావేశమున చర్చింపవలసిన ప్రశ్నలు

1. మన పంచాయతీ పనివారికి కడపటిసారి కూలి మార్చిన తేదీ ఏది?
2. ఇప్పటి టెండరులో వేతన సవరణ షరతు కలదా?
3. మన ఊరిలో పనివారిని పెట్టుకొన్న చోట్లు ఎన్ని? వానిలో రేట్లు అంటించినవి ఎన్ని?
4. ఏప్రిల్, అక్టోబరు ప్రకటనలను తెచ్చి సభలో చదువు బాధ్యతను ఎవరికి అప్పగింతము?