పాత కారు – పొగ పరీక్ష

ఒకప్పుడు పట్టణములలో తిరిగిన కార్లు అనేకము నేడు గ్రామములకు చేరినవి. ఆసుపత్రికి పోవుటకును, సంతకును, పెండ్లిపనులకును ఊరిలో నొక పాత కారుండుట సౌకర్యమే. అయితే పొగ పరీక్ష గడువు సమీపించునప్పటికి యజమానికి దిగులు పుట్టును. బండి పాతది, ఎట్లును నెగ్గదని కొందరు నిరాశ చెందుదురు. మఱికొందరు పరీక్ష లేకయే కాగితము నిచ్చువాని కొఱకు వెదకుదురు. ఈ రెండును అనవసరములు. పాత కారునకు విధించిన పరిమితి క్రొత్తదానికి విధించిన దానికన్న ఎంతో సడలింపు గలది. ఇంజను ఆరోగ్యముగా నున్నచో ఆ పరిమితిలోపలనే యుండును.

1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలోని 115వ నియమము ప్రకారము, రిజిస్ట్రేషనైన ఒక సంవత్సరము పిమ్మట ప్రతి వాహనమునకును కాలుష్య నియంత్రణ ధ్రువపత్రము, అనగా అందరు పొల్యూషన్ సర్టిఫికెట్ అనునది, ఉండవలెను. పాత వాహనములకు దాని గడువు ఆరు నెలలు. భారత్ స్టేజి 4 మొదలు తరువాతి వాహనములకు ఒక సంవత్సరము. 2019లో చట్టము సవరింపబడిన తరువాత ఈ విషయమున జరిమానా 10,000 రూపాయల వరకు ఉండవచ్చును.

పెట్రోలు కారును పరీక్షించునపుడు ఇంజనును ఐడిలింగులో నుంచి, పొగగొట్టములో సన్నని గొట్టము నుంచి రెండు వాయువులను కొలుతురు. భారత్ స్టేజి 2కు పూర్వపు కార్లలో కార్బన్ మోనాక్సైడు 3 శాతమునకును, హైడ్రోకార్బనులు పదిలక్షల పాళ్లలో 1500 పాళ్లకును మించరాదు. స్టేజి 2, 3 కార్లకు ఈ పరిమితులు 0.5 శాతము, 750 పాళ్లు. స్టేజి 4 కార్లకు 0.3 శాతము, 200 పాళ్లు.

ఈ రెండు వాయువుల పుట్టుక తెలిసినచో మరమ్మతు సులభమగును. పొయ్యిలో కట్టెలు క్రిక్కిరియ దోపినచో గాలి చాలక అరకొరగా మండును. ఇంజనులోను అంతియే: పెట్రోలు హెచ్చై గాలి తగ్గినపుడు కార్బన్ మోనాక్సైడు పుట్టును. ఇక నిప్పురవ్వ సరిగా పడక అసలే మండకుండ బయటికి పోయిన పెట్రోలే హైడ్రోకార్బనులు. కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబినును అది ప్రాణవాయువు కంటె 200 రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడిపించిన మనుష్యులు, ఏమి జరుగుచున్నదో తెలియకయే ప్రాణములు కోల్పోవుదురు. సైలెన్సరు గొట్టము ముందుభాగమున తుప్పుపట్టి రంధ్రము పడినచో ఆ విషవాయువే కారులోనికి వచ్చి వెనుక సీటులో నిద్రించు పిల్లలకు తగులును. కాగితము కొనుక్కొన్నవాడు ఈ రంధ్రమును చూడడు. కావుననే అట్టి కాగితము ఉచితముగా వచ్చినను వలదని మా సలహా.

పరీక్షలో తప్పినచో తప్పినదని మాత్రమే విని తిరిగి రారాదు. అంకెలున్న చీటీని అడిగి తీసికొనవలెను. మోనాక్సైడు హెచ్చి హైడ్రోకార్బనులు సరిగా నున్నచో మిశ్రమములో పెట్రోలు ఎక్కువైనదని అర్థము. హైడ్రోకార్బనులు మాత్రమే హెచ్చినచో ప్లగ్గులు, వైర్లు, టైమింగు, వాల్వులు చూడవలెను; లేదా పెట్రోలు మరీ తగ్గి ఇంజను తప్పుచుండవచ్చును. రెండును హెచ్చినచో రెండు దోషములును ఉండవచ్చును. కన్వర్టరున్న కారైనచో అది చెడియుండవచ్చును.

2000 సంవత్సర ప్రాంతమునకు పూర్వపు మారుతి 800, ప్రీమియర్ పద్మిని, పెట్రోలు అంబాసిడరు వంటివి కార్బ్యురేటరు గల బండ్లు. వీటిలో మెకానిక్కు మొట్టమొదట మిశ్రమపు స్క్రూను త్రిప్పుట మనము తరచు చూచుచున్నాము. ఇది రోగ మొకటి, మందొకటి అన్నట్లుండును. ముందు దుమ్ముపట్టిన ఎయిర్ ఫిల్టరును మార్చవలెను. మన మట్టిరోడ్లపై అది పుస్తకములో వ్రాసిన గడువు కంటె చాల ముందే మూసికొనిపోవును. పిమ్మట ప్లగ్గులు, పాయింట్ల సందు, టైమింగు, వాల్వుల సందు సరిచూడవలెను. చోక్ పూర్తిగా తెరచుకొనుచున్నదో లేదో కంటితో చూడవలెను. దాని తీగ బిగిసిపోయి సగము మూసికొనియున్న కార్లు అనేకము. ఫ్లోటు మట్టము ఎత్తుగా నున్నను, జెట్లు అరిగినను పెట్రోలు హెచ్చును. ఇవన్నియు కుదిరిన తరువాతనే, ఇంజను వేడిగా నుండగా, వాయువులు కొలుచు యంత్రము చెంత స్క్రూను సవరించవలెను. పరీక్ష కొఱకు మాత్రమే స్క్రూను బిగించి మిశ్రమమును పలుచన చేసినచో బండి ఇల్లు చేరులోపలనే ఆగిపోవుచుండును, హైడ్రోకార్బనులును పెరుగును.

మఱియొక దురలవాటు గలదు. మన ప్రాంతమున ఎండలు మెండని కొందరు థర్మోస్టాటును తీసి పారవేయుదురు. అది లేనిచో ఇంజను తగిన వేడికి రాదు. చల్లని ఇంజను పెట్రోలు ఎక్కువ త్రాగును, పొగయు చెడును. వేడెక్కు బాధకు కారణము రేడియేటరులోనో ఫ్యానులోనో నుండును గాని థర్మోస్టాటు ఉండుటలో లేదు. చెడినదానిని మార్చవలెనే గాని తీసివేయరాదు.

నేడు బంకులలో దొరకు పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలియుచున్నది. ఇది మిశ్రమమును కొంత పలుచన చేయును. పాత రబ్బరు గొట్టములను చెఱచును. ట్యాంకు అడుగు మురికిని కదిలించి ఫిల్టరుకును జెట్లకును తెచ్చును. కావున పాత కారునకు గొట్టములను, ఫిల్టరును మార్చుట మంచిది. పెట్రోలు కారుచున్న గొట్టము పొగ పరీక్ష కంటె అగ్నిప్రమాదమునకు సంబంధించిన సంగతి.

కన్వర్టరు గల కార్లలో అది సుమారు 300 డిగ్రీల వేడికి వచ్చిన పిమ్మటనే బాగుగా పనిచేయును. ఊరినుండి పరీక్షాకేంద్రమునకు పదిహేను, ఇరువది నిమిషములు నడపి, చేరిన వెంటనే పరీక్ష చేయించుకొనవలెను. వరుసలో చాలసేపు నిలిపియుంచినచో అది చల్లారును. ఆక్సిజన్ సెన్సారు చెడియున్నచో కన్వర్టరును మార్చుట డబ్బు దండుగ. ఆ సెన్సారు పలుకు తప్పులవలన క్రొత్త కన్వర్టరును కొలదికాలములోనే పాడగును.

డీజిలు జీపులకు పరీక్ష వేఱు. ఇంజనును ఐడిలింగునుండి గరిష్ఠ వేగమునకు పలుమార్లు పెంచి నల్లని పొగ దట్టమును కొలుతురు; స్టేజి 4కు పూర్వపు వాటికి పరిమితి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు. ఎయిర్ ఫిల్టరు, నాజిళ్లు, పంపు టైమింగు ఇందు ముఖ్యములు. ఇంజను అంత వేగము పొందును గనుక ఆయిలు మట్టమును, టైమింగ్ బెల్టు గల బండియైనచో బెల్టు వయస్సును ముందుగానే చూచుకొనవలెను.

నెగ్గిన చీటీలను పారవేయక భద్రపఱచవలెను. గత పరీక్షలో 1.2 శాతమున్న మోనాక్సైడు ఈసారి 2.6 ఐనచో, ధ్రువపత్రము చేతికి వచ్చినప్పటికిని, ఆ వారమే మెకానిక్కునకు ఆ రెండు చీటీలను చూపించి ఫిల్టరును, చోక్‌ను, ఫ్లోటును పరీక్షింపజేయవలెను.