గ్రెచ్చోలో క్రిస్మస్ రాత్రి

ఇటలీ దేశమున గ్రెచ్చో అను చిన్న కొండపల్లె కలదు. 1223వ సంవత్సరమున క్రిస్మస్ సమీపింపగా, అస్సీసి పురవాసియగు ఫ్రాన్సిస్ అచ్చటి మిత్రునితో, బేత్లెహేములో శిశువైన క్రీస్తు అనుభవించిన లేమిని కన్నులార చూడగోరుచున్నానని చెప్పెను. మిత్రుడు తొట్టెలో ఎండుగడ్డి పరపించి, ఒక ఎద్దును, గాడిదను తెప్పించెను. అంతియే, బంగారము లేదు, పట్టు లేదు. రాత్రి పల్లెవారు దివిటీలతో వచ్చిరి. తొట్టె యొద్దనే దివ్యపూజ జరిగెను. ఫ్రాన్సిస్ సువార్త చదివి, పేదవాడై పుట్టిన రాజును గూర్చి బోధించెను.

నేడు క్రైస్తవులు ఇండ్లలో, దేవాలయములలో అమర్చు పశువులపాక ఇంతగా వ్యాపించుటకు ఆ రాత్రియే ముఖ్యకారణము. రంగుకాగితముల తళుకులో ఒక్కొక్కచోట ఆ శిశువే కనబడడు! పండుగనాడు ధనికులు బీదలకు కడుపార భోజనము పెట్టవలెననియు, ఎద్దులకు గాడిదలకు సైతము మేత అధికముగ వేయవలెననియు ఫ్రాన్సిస్ కోరుచుండెడివాడు.