పిన్నల నడవడి - పెద్దల తూకము

మఠములలో ప్రవచనము ముగిసి, ప్రసాదమునకు పంక్తులు తీరులోపల నలుగురు పెద్దలు ఒకచోట కూర్చుండినచో, సంభాషణము కొంతసేపటికి ఒక్క విషయమునకే వచ్చి చేరును. అది నేటి పిల్లల నడవడి. "మా కాలమున ఇట్లుండెనా?" అను ప్రశ్నతో అది ఆరంభమగును, "అంతా కాలమహిమ" అను నిట్టూర్పుతో ముగియును. ఈ నిట్టూర్పులో కొంత సత్యము కలదు, కొంత భ్రాంతియు కలదు. ఆ రెంటిని వేరుచేసి చూచుట గృహస్థులకును మఠములకును అవసరము. ఏలయన, అన్నింటిని ఒక్క కట్టగా కట్టి నిందించినచో పిల్లలు ఆ నిందతోపాటు ధర్మమును కూడ తోసిపుచ్చుదురు.

1. పెద్దల ఆక్షేపణలు

సాధారణముగా వినవచ్చు ఆక్షేపణలివి. పిల్లలు అర్ధరాత్రి దాటువరకు సెల్‌ఫోను చూచుచు, ప్రొద్దెక్కిన తరువాత లేచుచున్నారు. విభూతిధారణము, లింగార్చనము లేకయే ఫలహారమునకు కూర్చుండుచున్నారు. జంగమయ్య ఇంటికి వచ్చినను లేచి శరణు చెప్పక, తల యెత్తకయే యుందురు. కాలేజీకి, ఆఫీసుకు పోవునపుడు లింగకాయను పెట్టెలో నుంచి పోవుచున్నారు. నొసట విభూతిరేఖలు కనబడుటకు సిగ్గుపడుచున్నారు. బసవపురాణము చేతికిచ్చినచో రెండు పుటలు సాగవు. సంపాదించినది బట్టలకును విహారములకును వ్యయము చేయుచున్నారు. వివాహ విషయమున పెద్దల మాట వినరు.

ఈ పట్టికను నిదానించి చూచినచో ఇవి యన్నియు ఒకే జాతివి కావని తెలియును. కొన్ని కాలముతో మారెడి అలవాట్లు. కొన్ని లోకమర్యాదలు. కొన్ని మాత్రమే ఆచారమునకు సంబంధించినవి. ఆలస్యముగా నిద్రలేచుటను, లింగమును దేహమునుండి వేరుచేయుటను ఒకే కంఠముతో గద్దించినచో, రెండును సమానమైన చిన్న విషయములే యని పిల్లవాడు గ్రహించును. పెద్ద దోషమును చిన్నదిగా చూపుట ఆ గద్దింపువలన కలిగెడి మొదటి నష్టము.

2. ఈ మాట క్రొత్తది కాదు

నేడు డెబ్బది యేండ్లు నిండిన పెద్దలు 1970 నుండి 1980 వరకు గల కాలమున యువకులు. ఆనాడు తమ తండ్రులు తమ్మేమని మందలించిరో వారు జ్ఞప్తికి తెచ్చుకొనుట మంచిది. నేల నూడ్చెడి బెల్‌బాటమ్ ప్యాంట్లు, చెవులు కప్పెడి జుట్టు, ట్రాన్సిస్టరులో రేడియో సిలోను పాటలు, మ్యాట్నీ సినిమాలు, పాఠ్యపుస్తకము నడుమ దాచిన వారపత్రిక సీరియలు - ఇవియే ఆనాటి అపరాధములు. అంతకు పూర్వము పంచె విడిచి ప్యాంటు తొడిగినవారు కూడ తమ పెద్దలచేత మాటలు పడినవారే.

అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన జాన్ ప్రోట్జ్‌కో, జోనథన్ స్కూలర్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు ఈ విషయమును అయిదు అధ్యయనములలో పరీక్షించి 2019లో ఫలితములను ప్రకటించిరి. ఏ గుణమున తాము మిన్నగా నుందురో, ఆ గుణమునందే నేటి పిల్లలు దిగజారినట్లు మనుష్యులకు ఎక్కువగా తోచునని వారు కనుగొనిరి. బాగుగా చదివినవారికి పిల్లలలో పఠనాసక్తి తగ్గినట్లు తోచును. పెద్దల యెడ విధేయతను మిక్కిలి కోరువారికి పిల్లలు మర్యాద తప్పినట్లు తోచును. ఇందుకు ఒక కారణమును కూడ వారు చూపిరి. మనుష్యుడు తన నేటి స్వరూపమును తన గతముపై ఆరోపించుకొని, చిన్ననాడు తానును తన తోటివారును ఇట్లే యుండిరని భావించును.

ఆ పరీక్ష జరిగినది అమెరికా దేశస్థులపైననే యైనను, ఇందలి హెచ్చరిక ఏ ఇంటికైనను పనికివచ్చును. నలువది యేండ్ల అభ్యాసముచేత నేడు ఒక గంటసేపు కదలక లింగార్చనము చేయు పెద్దకు, పదునెనిమిదవ యేట కూడ తానట్లే కూర్చుంటినని తోచుట సహజము. ఆనాడు తల్లి మూడుమార్లు పిలిచిన తరువాత, విసుగుతో రెండు నిమిషములలో ముగించి లేచిపోయిన సంగతి మరుగునపడును. మనుమని నేటి రెండు నిమిషములను తన నేటి గంటతో తూచుట న్యాయమైన తూకము కాదు.

3. శరణచరిత్రలో పిన్నలు

వీరశైవ కుటుంబములు ఈ విషయమున మరింత జాగ్రత్తగా మాటాడవలసి యున్నది. బాగెవాడిలో మండెంగ మాదిరాజు పెద్ద, బసవడు పిన్న. ఉపనయనము వలదని నిరాకరించి, తండ్రితో వాదించి, అక్క నాగమాంబతో ఇల్లు విడిచిన ఆ బాలుని కథను పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించెను. ఆనాటి అగ్రహారపు అరుగులపై ఆ బాలునిగూర్చి ఏమి మాటాడుకొనియుందురో ఊహించుట కష్టము కాదు. ఇల్లు చెడగొట్టినవాడని వారు తలచిన బాలుని పేరనే నేడు పెద్దలు జయంతులు జరుపుచున్నారు.

సొన్నలిగెలో చెరువులు త్రవ్వించి, గుడులు కట్టించి, యోగిగా ప్రఖ్యాతి వహించిన సిద్ధరాముడు కల్యాణమునకు వచ్చి, వయస్సున చిన్నవాడైన చెన్నబసవని వలన లింగదీక్ష పొందినట్లు శరణచరిత్రలు చెప్పుచున్నవి. అక్కమహాదేవి యువతిగానే అనుభవమంటపమునకు వచ్చినది. అల్లమప్రభువు ఆమెను కఠినముగా ప్రశ్నించెను; కాని ఆమె చెప్పిన సమాధానములను సభ విన్నది, విని అంగీకరించినది. ప్రశ్నించుటయు, సమాధానమును చివరివరకు వినుటయు ఆ సభలో సమానముగా జరిగినవి. నేటి ఇండ్లలో మొదటిది మాత్రమే జరుగుచున్నది.

గొడగూచి కథ ఇంకను లోతైనది. తండ్రి ఊరికి పోవుచు అప్పగించిన ప్రకారము ఆ బాలిక శివునకు పాలు తీసికొనిపోయెను. శివుడు త్రాగునని నమ్మి, త్రాగకపోగా ఏడ్చి, త్రాగించెను. తిరిగివచ్చిన తండ్రి ఆ మాట నమ్మలేదు. నిత్యము పాలు నివేదించిన తండ్రికి విధి తెలియును. ఆ పాలు శివుడు త్రాగునని నమ్మినది బిడ్డ. తండ్రి కోపించునప్పటికి ఆ బిడ్డ శివునిలో ఐక్యమాయెను. పిన్నల మాట నమ్మని పెద్దలకు ఏమి చేజారునో ఈ కథ చూపుచున్నది.

4. అలవాటు వేరు, ఆచారము వేరు

పిల్లల నడవడిని తూచుటకు పంచాచారములే తగిన తూనికరాళ్లు. ఇష్టలింగమునందే నిష్ఠ లింగాచారము. ధర్మమైన కాయకముచే జీవించుట సదాచారము. శివభక్తులందరిని జాతిభేదము లేక సమానముగా చూచుట శివాచారము. తాను భక్తులకు సేవకుడనను వినయము భృత్యాచారము. ధర్మమునకు, సమాజమునకు హాని కలిగినపుడు నిలిచి ఎదుర్కొనుట గణాచారము. ఏదైన ఆక్షేపణ నోటికి వచ్చినపుడు, ఈ అయిదింటిలో దేనికి భంగము కలిగినదని పెద్దలు తమలో తాము అడుగుకొనవలెను.

ఒక గృహమును ఉదాహరణముగా తీసికొనవచ్చును. మనుమరాలు అమెరికా కంపెనీకి రాత్రివేళ పనిచేయును. తెల్లవారుజామున పడుకొని పది గంటలకు లేచి, స్నానము చేసి లింగార్చనము చేసికొనును. సూర్యోదయమునకు పూజ కాలేదని తాత బాధపడును. ఇక్కడ మారినది పూజావేళ మాత్రమే, పూజ నిలువలేదు. ఆమె చేయునది కాయకము. కాయకమునుబట్టి వేళ మారుట లోపము కాదు. అదే ఇంటిలో మనుమడు ఉదయము ఆరింటికే లేచి, లింగకాయను పెట్టెలో నుంచి పోవును. వేకువనే లేచువాడని అతనిని ఎవరును ఏమియు అనరు. ఆచారభంగము జరిగినది ఇక్కడ. లింగమును చొక్కా లోపల ధరించుట దోషము కాదు. దేహమునుండి వేరుచేయుట దోషము. అలవాటును చూచు కన్నునకు మనుమరాలు దోషి, మనుమడు మంచివాడు. ఆచారమును చూచు కన్నునకు తీర్పు తలక్రిందులగును.

సెల్‌ఫోను విషయమును కూడ ఇట్లే విచారింపవలెను. ఒకప్పుడు వచనములు వ్రాసిన తాళపత్రములను అనేక గృహములలో గూటిలో నుంచి పూజించిరేగాని విప్పి చదువలేదు. 1880లో జన్మించిన ఫ. గు. హళకట్టి యువకుడైన న్యాయవాదిగా ఆ కట్టలకై ఊరూర తిరిగి, 1923లో వచనశాస్త్రసారమును వెలువరించెను. 1993లో కర్ణాటక ప్రభుత్వము సమగ్ర వచన సంపుటములను పదునైదింటిని ప్రకటించెను. నేడు వేలకొలది వచనములు అంతర్జాలమున లభించుచున్నవి. పిల్లవాని చేతిలోని ఫోను ఆటబొమ్మ కావచ్చును, గ్రంథాలయమును కావచ్చును. ఏది కావలెనో నేర్పువారు ఇంటిలో నున్నారా యనునదే ప్రశ్న. పండితులు సంస్కృతవృత్తములను ఆదరించు కాలమున సోమనాథుడు ద్విపదను, జానుతెనుగును చేపట్టినది ధర్మము జనుల నోటికి అందవలెననియే.

వివాహ విషయము అన్నింటికంటె బాధాకరమైనది. ఉపశాఖ వేరని, అంతస్తు వేరని తగవులు పెరిగి కుటుంబములు విడిపోవుచున్నవి. చర్మకారుడైన హరళయ్య కుమారునకు, బ్రాహ్మణవంశీయుడైన మధువరసు కుమార్తెకు వివాహము జరుగగా, ఆ తండ్రులిరువురు బిజ్జలుని కఠినశిక్షకు గురియైనట్లు శరణచరిత్రలు చెప్పుచున్నవి. ఆ త్యాగమును వేదికపై కీర్తించి, ఇంటికి వచ్చి ఉపశాఖను అడుగుట శివాచారము కాదు. పెద్దలు అడుగదగిన ప్రశ్న మరియొకటి కలదు: ఆ క్రొత్త ఇంటిలో లింగార్చనము, కాయకము, దాసోహము నిలుచునా? ఈ ప్రశ్న అడుగుటకు పెద్దలకు సంపూర్ణమైన అధికారము కలదు. సమాధానము చెప్పుట పిల్లల విధి.

వ్యయము సంగతియు అట్టిదే. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యము ఏరుకొని రాగా, భార్య లక్కమ్మ వానిని తిరిగి పోసి రమ్మని పంపెను. కుమారుడు కొన్న ఫోను వెలను లెక్కించు తండ్రి, అదే కుమారుని పెండ్లికి అప్పుచేసి వేయించిన పందిళ్ల వెలను కూడ లక్కమ్మ ముందు పెట్టవలసి యుండును.

5. పిన్నలు తెలిసికొనవలసినది

ఇంతమాత్రమున పిల్లలయందు లోపము లేదని కాదు. జంగముడు వచ్చినపుడు లేవకుండుట క్రొత్త అలవాటని త్రోసివేయదగినది కాదు. అది భృత్యాచారమునకు లోపము. భోజనవేళ ఎదుటివారి ముఖము చూడకుండుట ప్రసాదమునకు అవమానము. బసవడు తండ్రిని ఎదిరించినది తన సుఖమునకై కాదు. నమ్మిన ధర్మమునకై ఇల్లు విడిచెను. మహాదేవి రాజభోగమును త్యజించెను. వారి ధిక్కారమును చూపి తమ సోమరితనమును సమర్థించుకొను యువకుడు వారి త్యాగమును కూడ చూపవలసి యుండును. ప్రశ్నించుట శరణమార్గమే. కాని అనుభవమంటపమున ప్రశ్నించినవారు సమాధానము కొరకు కూర్చుండిరి. తాత చెప్పు పాతకథను పదినిమిషములు వినలేనివానికి ప్రశ్నించు అర్హత సగమే కలుగును.

6. పెద్దలు విడిచిపోవునది

ఇల్లు, పొలము, బంగారము వారసులకు సంక్రమించును. ఇష్టలింగము అట్లు సంక్రమింపదు. అది లింగైక్యుని చేతనుండి వానితోపాటే సమాధికి పోవును. ప్రతి బిడ్డయు తన లింగమును గురువు వలన వేరుగా పొందవలసినదే. కనుక ఈ విషయమున తాత మనుమనికి వ్రాసియిచ్చుటకు ఏమియు లేదు. ప్రతిదినము తన్ను పూజలో చూచిన జ్ఞాపకమొక్కటియే అతడు విడిచిపోగల ఆస్తి.

ఆ జ్ఞాపకము ఎట్టిదై యుండవలెను? పూజాపీటపై కూర్చుండి, నడుమ లేచి, కోడలిపై కేకలు వేసి, మరల కూర్చుండినచో పిల్లవాని మనస్సున నిలుచునది కేకయే. లింగము దేవుని గదిలోనే యుంచి పెండ్లిండ్లకు పోయిన తండ్రిని చూచిన కుమారుడు, ఆఫీసునకు పోవునపుడు తానును అట్లే చేయును. పదిసంవత్సరములు "కూర్చో" యని ఆజ్ఞాపించుటకంటె, ఒక్క ఉదయము "నా ప్రక్కన కూర్చుండెదవా?" యని అడిగి, వానికి వచ్చిన రెండు నిమిషముల పూజను మెచ్చుకొనుట మేలు. ఆ రెండు నిమిషములు నలువది యేండ్లలో గంటయగును. అది చూచుటకు తాత యుండడు; మెచ్చుకొనిన ఉదయము మనుమనికి గుర్తుండును.

మననమునకు ప్రశ్నలు

1. ఈ వారము ఇంటిలో పిల్లలపై చేసిన ఆక్షేపణలను వ్రాసి, అందులో పంచాచారములకు సంబంధించినవి ఎన్నియో గుర్తింపుడు.
2. గొడగూచి కథలో తండ్రి తెలిసికొనలేనిదేమి? అట్టిది మీ గృహమున జరుగుచున్నదా?
3. పిల్లలు: ఇంటిలోని పెద్దలను వారి పదునెనిమిదవ యేటి దినచర్యను అడిగి తెలిసికొనుడు. పెద్దలు: దాచక చెప్పుడు.
4. లింగధారణము విడిచిన పిల్లవానిని నిందింపక తిరిగి మార్గమునకు తెచ్చుటకు గురువు, తల్లి, తండ్రి ఒక్కొక్కరు చేయదగిన పని యేమి?

శరణు శరణార్థి.