బొమ్మ రైలు కూత ఎందుకు తెగుతుంది?

జర్మనీ, ఆస్ట్రియా లాంటి దేశాల్లో పెద్దవాళ్ళు కూడా నమూనా రైళ్ళు నడుపుతారు. బాగా వాడుకలో ఉన్న కొలత అసలు రైల్లో 87వ వంతు. పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు, అంటే మన బొటనవేలి వెడల్పంతే.

ఇంజన్ లోపల చిన్న స్పీకరు, శబ్దాలు నింపిన ఎలక్ట్రానిక్ బిళ్ళ ఉంటాయి. రెండు సిలిండర్ల ఆవిరి ఇంజన్ అయితే చక్రం ఒక్క చుట్టుకి నాలుగుసార్లు 'ఛుక్' అనాలి. ఒక్కో సిలిండరు రెండు వైపులా ఆవిరి వదుల్తుంది కదా! ఊరికే కూత పెడితే చాలదు మరి.

కరెంటు ఒక పట్టా నుంచి చక్రాల్లోకి ఎక్కి, రెండో పట్టా గుండా తిరిగిపోతుంది. చిక్కంతా ఇక్కడే. పట్టా మీద దుమ్మున్నా, పట్టాలు చీలేచోట ప్లాస్టిక్ ముక్క తగిలినా కరెంటు క్షణం తెగుతుంది. ఇంజన్ ఊపులో దాటేస్తుంది గాని శబ్దం టక్కున ఆగిపోతుంది. టార్చిలో సెల్లు కదిలితే బల్బు ఆరిపోయినట్టన్నమాట.

దీనికో ఉపాయం కరెంటు పారే కొక్కెం. ఇంజన్ కొక్కెం, పెట్టె కొక్కెం తగులుకోగానే వాటిలోని లోహపు ముక్కలు కలుస్తాయి. ఇంజన్ చక్రాలకి అందని కరెంటుని వెనక పెట్టె చక్రాలు తీసుకొని ముందుకి పంపుతాయి. పోవడానికి ఒక దారి, రావడానికి ఒక దారి. అంత చిన్న కొక్కెంలో రెండూ పక్కపక్కనే ఉంటాయి గాని ఒకదాన్నొకటి తగలకూడదు. తగిలిందా, షార్టే!